ఆర్నాల్డ్ కేసు: సైన్యం విచారించిందా, ఫైలు మూసేసిందా?

గాలిపటం:
1947 జూన్ 24. కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికా వ్యాపారి సొంత విమానంలో వెళ్తూ, కనిపించకుండా పోయిన ఓ సైనిక విమానం కోసం వాషింగ్టన్ రాష్ట్రంలో కొండల మీద వెతుకుతున్నాడు. మెరుస్తూ దూసుకుపోతున్న తొమ్మిది వస్తువులు కనిపించాయి. రైనియర్ పర్వతం నుంచి ఆడమ్స్ పర్వతం దాకా 1 నిమిషం 42 సెకన్లలో వెళ్లిపోయాయట. అంటే గంటకు దాదాపు 2,700 కి.మీ.! అప్పటికి ధ్వని వేగాన్ని దాటిన విమానమే లేదు, అమెరికా పైలట్ చక్ యీగర్ మొదటిసారి దాటింది ఆ ఏడాది అక్టోబర్‌లో. విచారణకు వచ్చిన ఇద్దరు సైనికాధికారుల్లో ఒకరు ‘ఈయన నిజంగానే చూశాడు’ అన్న అర్థం వచ్చేలా రిపోర్టు రాశారు. చివరికి వైమానిక దళం ఫైల్లో తేల్చింది మాత్రం ఎండమావి అని. ఇదేం విచారణండీ?

లెక్కల మాస్టారు:
మనిషి నిజాయితీ వేరు, అతని లెక్క వేరు బాబూ. టైమ్ వాచీలో చూశాడు, సరే. దూరం? అవి 35 కి.మీ. అవతల ఉన్నాయని, ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవని అంచనా వేశాడు. అంత దూరంలో అంత వస్తువు చందమామ వెడల్పులో ఇరవయ్యో వంతు కనిపిస్తుంది. చుక్కలా కనబడొచ్చేమో గానీ దాని ఆకారం ఎలా తెలుస్తుంది? వైమానిక దళం సలహాదారు హైనెక్ పట్టుకున్నది ఈ తేడానే. అవి బాగా దగ్గర్లో ఉండాలి, వేగం గంటకు 640 కి.మీ. ఉంటుందన్నాడు. అంటే మామూలు విమానాలే.

సియాటిల్ సుబ్బు:
మబ్బులేని రోజున మా ఊరి నుంచి రైనియర్‌ను చూస్తే పక్క వీధిలో ఉన్నట్టే ఉంటుంది. ఉండేది 90 కి.మీ. పైనే. మాస్టారి మాటే నాకు సబబుగా ఉంది.

గాలిపటం:
అవి ఒక శిఖరం వెనక్కి వెళ్లి మళ్లీ కనిపించాయన్నాడు కదా! దూరం అంచనాకు ఆధారం అదే. హైనెక్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పైగా ఆ అధికారులిద్దరూ ఆగస్టు 1న బి-25 అనే సైనిక విమానం కూలి చనిపోయారు. అనుమానం రాదా?

లెక్కల మాస్టారు:
ఇంజన్‌కు నిప్పంటుకుని కూలింది. దాన్ని ఇందులోకి లాగకండి. శిఖరం మాట మాత్రం గట్టిదే, ఒప్పుకుంటాను.

నిశాచరి:
మీరిద్దరూ అసలు తిరకాసు వదిలేశారు. సలహాదారేమో విమానాలంటాడు, ఫైలేమో ఎండమావి అంటుంది. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? ఇలాంటి గుర్తుతెలియని ఎగిరే వస్తువుల మీద వైమానిక దళం నడిపి, 1969లో మూసేసిన బ్లూ బుక్ ప్రాజెక్టులో మొత్తం 12,618 కేసులుంటే 701 ‘తేలలేదు’ అనే రాశారు. ఆ మాట ఇక్కడ రాయడానికి ఏం అడ్డొచ్చింది?

గాలిపటం:
అక్కా, నేనడిగిందీ అదే!

లెక్కల మాస్టారు:
‘తేలలేదు’ అంటే నాకూ పేచీ లేదు. 2,700 అంటేనే పేచీ. ఆ శిఖరం ఏదో మ్యాపులో గుర్తు పెట్టి పంపండి, దూరం కొలిచి మళ్లీ లెక్కేద్దాం.