ఆదివారం ఫోన్ ఆపితే అమ్మ కంగారు పడుతోంది, ఏం చేయను?

తెనాలి అమ్మాయి:
నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. తమ్ముడు డాలస్‌లో.

పొద్దున కళ్లు తెరవకముందే దిండు కింద ఫోన్ వెతుక్కుంటాను. ఆఫీసు గ్రూపు, పాప స్కూలు గ్రూపు, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చెప్పే అపార్ట్‌మెంట్ గ్రూపు. మొన్న పాప బొమ్మ గీసి తెచ్చి చూపిస్తుంటే, ఊఁ కొడుతూ మెసేజ్ టైప్ చేస్తున్నాను. కాసేపు నిలబడి, కాగితం అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. అలగను కూడా లేదు. అదే నన్ను బాగా కోసేసింది. ఆదివారాలు సాయంత్రం ఆరింటిదాకా ఫోన్ స్విచాఫ్ చేయాలనుకున్నాను.

మొదటి ఆదివారమే మధ్యాహ్నం రెండున్నరకు పక్కింటావిడ తలుపు కొట్టింది. అమ్మ తమ్ముణ్ణి నిద్రలేపిందట, అక్కడ తెల్లవారుజాము నాలుగు. వాడు వీళ్లకు ఫోన్ చేశాడు.

తర్వాత అమ్మ అంది: "నువ్వు మాట్లాడకపోయినా ఫర్లేదమ్మా. వాట్సాప్‌లో నీ పేరు కింద టైమ్ చూసుకుంటా. ఆరున్నర అని ఉంటే, లేచిందిలే అనుకుని కాఫీ పెట్టుకుంటా."

నాకు నోట మాట రాలేదు. పాప కోసం ఫోన్ ఆపాలి, అమ్మ కోసం ఆపకూడదు. మీలో ఎవరైనా దీనికి దారి కనుక్కున్నారా?

మొబైల్ షాపు, ఒంగోలు:
స్విచాఫ్ వద్దక్కా. డేటా, వైఫై ఆపేసి డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. అమ్మ నంబర్‌కు స్టార్ పెట్టి, స్టార్ ఉన్న కాల్స్ మాత్రం మోగేలా చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో రిపీట్ కాలర్స్ ఆన్ చేస్తే, అదే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. ఇంకో మాట, కూరగాయలకు చిల్లర తీసిపెట్టుకోండి. డబ్బులు కట్టడానికి డేటా వేస్తే మళ్లీ గ్రూపుల్లోకే పోతాం.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్:
మా రోజుల్లో ఉత్తరం ఆలస్యమైతే క్షేమంగానే ఉన్నారనుకునేవాళ్లం. టెలిగ్రామ్ తీసుకెళ్తే మాత్రం విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. 2013 జూలైలో ఆ సర్వీసు ఆగిపోయింది. ఇప్పుడు కబురు లేకపోతేనే గుండె దడ. మీ అమ్మగారి భయం తీసిపారేసేది కాదు తల్లీ. ఆదివారం ఏడింటికి నువ్వే ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, గొంతు వినిపించాలి. ఫోన్ ఆపేస్తున్నానని ఆమెకే ముందు చెప్పు.

నైట్ డ్యూటీ నర్సు:
2021 అక్టోబర్ 4 రాత్రి వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది గుర్తుందా? నా ఫోనే పాడైందనుకున్నాను. మామూలు కాల్ చేస్తే సరిపోతుందని చాలాసేపటికి గానీ తట్టలేదు. పోస్ట్‌మాస్టర్ గారు చెప్పిందే నా మాటానూ.

తెనాలి అమ్మాయి:
అందరికీ థాంక్స్. ఈ ఆదివారం ఏడింటికి చేశాను. నలభై నిమిషాలు మాట్లాడింది. మోకాళ్ల నొప్పికి మందులు మార్చారట, నెల రోజులుగా మెసేజ్‌లలో ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాత డేటా ఆపేసి పాపతో కూర్చున్నాను.

పదకొండింటికి ఫోన్ మోగింది. అమ్మే. "ఏం లేదమ్మా, మోగుతుందో లేదో చూశాను" అని పెట్టేసింది.