సమస్యాపూరణం: నీరు లేక చేప నిగ్గు దేలె

సమస్యాదాత: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, మొదటి మూడూ మీరు కలంపేరుతో పూరించండి. నీరు లేని చేప నిగ్గు తేలడమే ఇందులో విరోధం. వస్తువు: పనిరోజు రాత్రి అరగంటలో, ఇంట్లో ఉన్న సరుకుతో అయ్యే చేప వంట. ఛందస్సు తప్పినా సర్దవచ్చు గాని, పద్యం నమ్మి వండినవాళ్ల కూర చెడకూడదు.

పెనం పక్కన:

ముక్క గుడ్డ నొత్తి ముప్పావు చెంచాడు
ఉప్పు పసుపు కార మొక్క పొరగ
కాగు నూనె వేసి కదపకన్ వేగించ
నీరు లేక చేప నిగ్గు దేలె.

సమస్యాదాత: పూరణ బాగుంది. గుడ్డతో ఒత్తడం మొదటే చెప్పారు, అదే కీలకం. ముక్క మీద తడి ఉన్నంతసేపు పైపొర వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడాలంటే 140 దాటాలి. తడి ముక్క వేగదు, ఉడుకుతుంది.

ఇక దోషాలు. ‘చెంచాడు’ తర్వాత ‘ఉప్పు’ రావడం విసంధి, అంటే కలపాల్సిన చోట సంధి కలపకపోవడం. పైగా ముప్పావు చెంచా ఉప్పుకేనా, మూడింటికీనా? అరకిలో ముక్కలకు ఉప్పు ముప్పావు టీచెంచా సరే. పసుపు అంత పోస్తే చేదు, పావు చాలు. రెండో పాదం ‘కార ముప్పు పసుపు కలియ రుద్ది’ అంటే విసంధి పోతుంది, ముప్పావు కారానికి చెందుతుంది. (‘కార ముప్పు’ అని విడదీసి చదివి భయపడకండి.) ‘కదపకన్’ కుదరదు, ‘కదపక’ వంటి వ్యతిరేక క్త్వార్థకం కళ, అంటే దాని చివర ద్రుతం (నకారం) రాదు. ‘కదపకే వేగించ’ అనండి.

పెనం పక్కన: సవరణలకు ధన్యవాదాలు. పద్యంలో పట్టనివి ఇక్కడ: అర అంగుళం మందం ముక్కకు మధ్యస్థ సెగన మొదటి వైపు 4 నిమిషాలు, తిప్పాక 3. అంటుకున్న ముక్కను అట్లకాడతో పెరకకూడదు. పొర గట్టిపడితే తానే వదులుతుంది. పెనం నిండా పేరిస్తే ఆవిరి పట్టి మెత్తబడతాయి, రెండు వాయిలుగా వేయాలి.

దాక: ఉప్పు రాశాక పది నిమిషాలుంచితే మళ్లీ నీరు ఊరుతుందిగా?

పెనం పక్కన: ఊరుతుంది. రాయగానే వేయాలి, లేదా వేసేముందు బియ్యప్పిండి 2 చెంచాలు అద్దాలి. నిమ్మరసం మాత్రం దించాకే. నిమ్మకాయ ముందే పిండి ఎక్కువసేపు ఉంచితే పులుపుకు పైపొర తెల్లబడి, పెనం మీద పొడిపొడిగా రాలుతుంది.

డబ్బా చేప:

మూత విప్పి డబ్బ మొత్తమున్ వడకట్టి
నూనె నుల్లి వేపి నుగ్గు చేసి
సన్న సెగను కలుప చాలైదు నిముసాలు
నీరు లేక చేప నిగ్గు దేలె.

సమస్యాదాత: ట్యూనాకైనా కానాగంతకైనా సరిపోయే పూరణ. ‘చాలైదు’ సంధి ముచ్చటగా ఉంది. కాని ‘నుగ్గు చేసి’ యతికి సరిపోయింది, నోటికి సరిపోదు. డబ్బాలోకి వచ్చేసరికే ఆ చేప ఉడికి ఉంటుంది. నుగ్గు చేస్తే ముద్ద. పెద్ద పలుకులుగా విడదీసి పొయ్యి మీద తడి మాత్రం లాగాలి. ‘నూనె నుల్లి వేపి నొక్కకుండ’ అనండి, యతీ నిలుస్తుంది, పలుకూ నిలుస్తుంది.

నెత్తళ్ల బుట్ట: ఉప్పునీటి డబ్బా అయితే వడకట్టాలి. నూనె డబ్బా అయితే ఆ నూనెలోనే ఉల్లి వేపండి, పారబోయడం దండగ. రెండింటిలోనూ ఉప్పు చివర రుచి చూశాకే.

నెత్తళ్ల బుట్ట:

ఎండు నెత్తళులను నేరుచు తలదీసి
వేడి నీట కడిగి వెంట తుడిచి
కరకరలుగ వేచి కారమ్ము చల్లగా
నీరు లేక చేప నిగ్గు దేలె.

సమస్యాదాత: ఎండుచేపతో సమస్యలో విరోధమే మిగల్లేదు, ఎండలోనే నీరు పోయింది. ఈ మూడింటిలో నాకు నచ్చినది ఇదే. వరస మాత్రం చూడండి: ముందు ఉత్త పెనం మీద రెండు మూడు నిమిషాలు వేపితే ఇసుక రాలుతుంది, తలలు చిటుక్కున విరుగుతాయి. ఆ తర్వాత కడగాలి. ‘వేడి పెనము దించి వెనుక కడిగి’ అనవచ్చు.

నెత్తళ్ల బుట్ట: వరస ఒప్పుకుంటాను, పాదం ఒప్పుకోను. అందులో తుడవడం పోయింది. తడి నెత్తళ్లు కాగిన నూనెలో పడితే చిట్లి చేతుల మీదికొస్తుంది. ‘తుడిచి’ ఉంచుతాను. కారం పొయ్యి ఆపాకే చల్లాలి, లేకపోతే మాడి ఇల్లంతా దగ్గులే.

దాక:

చింతపండు రసము చిక్కగా కాగంగ
ముక్క లొదిగి దాక మురియు వేళ
పులుసు తెలియ కొకడు పొరపాటుగా నాడె
నీరు లేక చేప నిగ్గు దేలె.

సమస్యాదాత: సమస్యను పరాయి నోట పెట్టి తప్పించుకున్నారు! పాత ఉపాయమే, పులుసుకు తగింది. గణాలు, యతులు నిర్దోషం. అయితే ఇది అరగంటలో అవుతుందా?

దాక: అవుతుంది. అరకిలోకు నిమ్మకాయంత చింతపండు, రెండు గ్లాసుల నీళ్లు. పచ్చివాసన పోయేలా పులుసు 10 నిమిషాలు మరిగాకే ముక్కలు జారవిడవాలి. తర్వాత 8 నిమిషాలు. గరిటె పెట్టకూడదు, దాకను గుడ్డతో పట్టి తిప్పాలి.

పెనం పక్కన: మెంతులు?

దాక: పావు చెంచా. ఎర్రబడగానే ఉల్లి వేసేయండి. నల్లబడితే దాకెడు పులుసూ చేదే.