తమ్ముడికి చికిత్స ముందా, పెళ్లి ముందా?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

మా తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. ఏడాదిన్నరలో రెండో ఉద్యోగం కూడా పోయింది. రాత్రంతా అశ్లీల వీడియోలు, డబ్బు కట్టి మాట్లాడే వీడియో కాల్స్, తెల్లవారుజామున నిద్ర, మధ్యాహ్నం లేవడం. అప్పులిచ్చే యాప్‌లలో తీసుకున్నది వడ్డీతో కలిపి 3 లక్షల 60 వేలు. వసూలు చేసేవారి ఫోను నాకు వచ్చిన రోజునే ఈ సంగతంతా తెలిసింది. గట్టిగా అడిగితే తల దించుకుని ఒక్క మాట అన్నాడు: "ఈ రోజుతో ఆఖరు అని నాలుగేళ్లుగా ప్రతి రాత్రీ అనుకుంటూనే ఉన్నానన్నయ్యా."

నాన్నకు అప్పు సంగతి పూర్తిగా, మిగతాది సగం చెప్పాను. ఆయనది ఒకటే మాట: పెళ్లి చేస్తే వాడే దారిలో పడతాడు. సంబంధం కుదిర్చారు. మాఘంలో ముహూర్తం. ఆడపిల్ల వాళ్లకు ఏమీ చెప్పవద్దంటున్నారు. మానసిక వైద్యుడికి చూపిద్దామంటే "నా కొడుక్కి పిచ్చివాడన్న ముద్ర వేస్తావా?" అని అమ్మ ఏడుస్తోంది. ముందు చికిత్స, ఆ తరువాతే పెళ్లి అని నేనంటాను. ఇంట్లో నా వైపు ఎవరూ లేరు. నా ఆలోచనలో తప్పుంటే చెప్పండి.

గోధూళి

బాబూ, నాకు అరవై ఏడేళ్లు. మీ నాన్నగారి వయసువాడిని, ఆయన తరఫున నాలుగు మాటలు చెప్పనివ్వండి. కొడుకు చేయి జారిపోతుంటే తండ్రికి తోచే మొదటి ఆసరా పెళ్లే. మా చిన్నాన్న కొడుకు పాతికేళ్లప్పుడు పేకాట, తిరుగుళ్లు అన్నీ మరిగాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, నాలుగెకరాలు చేతికొచ్చాయి, మనిషి మారాడు. ఏ వైద్యుడూ చూడలేదు.

మీ తమ్ముడికి వండిపెట్టే దిక్కు లేదు, పలకరించే మనిషి లేడు. ఒంటరితనమే సగం రోగం. పైగా చిన్న ఊళ్లలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాడన్న మాట పొక్కితే ఆ ఇంటి ఆడపిల్లలకు కూడా సంబంధాలు రావు. మీ అమ్మగారి భయాన్ని తీసిపారేయకండి.

నిమ్మతోట

గోధూళి గారూ, మీ చిన్నాన్న కొడుకు ఎన్నేళ్లకు మారాడో ఆయన భార్యను ఎప్పుడైనా అడిగారా?

నాకూ ఇలాగే చేశారు పెళ్లి. అత్తగారికి తెలుసు, ఆడపడుచుకు తెలుసు, నాకు ఒక్కదానికే తెలియదు. రోజూ రాత్రి ఒంటిగంటకు ఆయన స్నానాల గదిలోకి వెళ్లేవారు. లోపలి చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి వదిలేసేవారు. బకెట్టు నిండి, పొర్లి, నీళ్లు తూములోకి పోయే శబ్దం గంట, గంటన్నర. ఇవతల మంచం మీద పడుకుని నాలో ఏం లోపముందా అని వెతుక్కునేదాన్ని. నాలుగు నెలలకు విషయం తెలిసింది. అప్పటికి ఆరు కిలోలు తగ్గాను. ఈనాటికీ ఎవరింట్లోనైనా కుళాయి కారుతుంటే లేచి వెళ్లి కట్టేస్తాను.

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అని సామెత ఉంది. మన పెద్దలు అందులో మొదటి సగమే పట్టుకున్నారు. కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారికి ఇంకో సంగతి కూడా చెప్పండి. ముఖ్యమైన విషయం దాచి, మోసంతో సమ్మతి తీసుకున్న పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టును కోరవచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోగా కోరాలి. ఆ గడువు సంగతి నాకు తెలిసేసరికి రెండేళ్లు దాటిపోయాయి.

తర్కబద్ధం

పెళ్లి చికిత్స కాదన్న మాటతో నాకు పేచీ లేదు. దీన్ని జబ్బు అనడంతోనే పేచీ. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో మానసిక రుగ్మతల జాబితా పుస్తకం డీఎస్ఎం-5 తెచ్చినప్పుడు, "అతి లైంగికత"ను రుగ్మతగా చేర్చాలన్న ప్రతిపాదనను ఒప్పుకోలేదు. 2016లో అక్కడి సెక్స్ థెరపిస్టుల సంఘం కూడా దీన్ని వ్యసనం అనడానికి తగిన ఆధారాలు లేవని ప్రకటించింది.

నా అనుభవం చెబుతాను. ఇరవై ఏళ్లప్పుడు హస్తప్రయోగం మహాపాపమని, నరాలు చచ్చుపడతాయని నమ్మి, గోడ మీద ప్రకటన చూసి ఒక క్లినిక్‌కు వెళ్లాను. లేహ్యం, పొడి కలిపి 18 వేలు తీసుకున్నారు. అమ్మ దాచుకున్న డబ్బు అది. లైంగిక సామర్థ్యం పెంచుతామన్న ప్రకటనలను 1954లోనే చట్టం చేసి నిషేధించారని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. నాకు ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా అపరాధ భావం. ఈ రోజు "వ్యసనం" అన్న పేరుతో అదే భయాన్ని మళ్లీ కుర్రవాళ్ల నెత్తిన పెడుతున్నామేమో ఆలోచించండి. ఇంకోవైపు, భార్యను మోసం చేసినవాడు కూడా "నాకు జబ్బు" అని చేతులు దులుపుకునే వీలు కలుగుతుంది.

మనోవీధి

నేను క్లినికల్ సైకాలజిస్టును. తర్కబద్ధం గారి భయం సరైనదే, కానీ ఆయన చెప్పినదానికి తరువాయి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను రుగ్మతగా చేర్చారు. వ్యసనాల కింద కాదు, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల కింద. కోరిక ఎక్కువగా ఉండటం, ఎక్కువసార్లు చూడటం జబ్బు కాదు. ఆపాలని పదేపదే ప్రయత్నించి ఓడిపోవడం, ఉద్యోగం, ఆరోగ్యం, బంధాలు దెబ్బతింటున్నా ఆగలేకపోవడం, చివరికి అందులో సుఖం లేకపోయినా సాగించడం, ఇదంతా ఆరు నెలలు లేదా అంతకు మించి ఉంటే అప్పుడు జబ్బు. "నేను చేసేది పాపం" అన్న బాధ ఒక్కటే ఉంటే ఈ పేరు పెట్టకూడదని అక్కడే స్పష్టంగా రాశారు. ఇరవై ఏళ్ల తర్కబద్ధం గారు ఆనాడు నా దగ్గరికి వచ్చి ఉంటే ధైర్యం చెప్పి ఇంటికి పంపేదాన్ని. కృష్ణాతీరం గారి తమ్ముడి సంగతి వేరుగా వినిపిస్తోంది. అయినా మనిషిని చూడకుండా తేల్చను.

ముందు మానసిక వైద్యుడు ఎందుకంటే, ఇలాంటి ప్రవర్తన వెనుక వేరే కారణం ఉండవచ్చు. మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్ జబ్బులో ఉన్మాద దశ వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకు వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వల్ల కొందరిలో ఇలా అవుతుంది, వాటి మోతాదు మార్చితే తగ్గుతుంది. తీవ్రమైన కుంగుబాటును మరిచిపోవడానికి ఇందులోకి దిగేవారూ ఉన్నారు. దీనికోసమే ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. కుంగుబాటుకు వాడేవి, మద్యం మాన్పించడానికి వాడే నాల్ట్రెక్సోన్ వంటివి వైద్యుడు అవసరాన్ని బట్టి ఇస్తారు. అసలు పని కౌన్సెలింగ్‌లో జరుగుతుంది. కోరిక ఏ సమయంలో, ఏ గదిలో, ఏ మాట విన్న తరువాత లేచిందో మొదట వారం రోజులు రాయిస్తాం. మీ తమ్ముడి రాతలో "అప్పువాళ్ల ఫోను" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో చూడండి.

ముద్ర గురించి అమ్మగారికి చెప్పండి: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉండాలి. మొదటి అడుగుగా 14416కు ఫోను చేయవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోను, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పినవారి కోసం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ అనే ప్రత్యేక విభాగం కూడా ఉంది.

దూరపుకొండ

జబ్బు పేరు చెప్పి చేతులు దులుపుకుంటారు అన్న మాటకు నేను జవాబు చెప్పాలి. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నా పరిస్థితి మీ తమ్ముడిదే. నాకు అప్పటికే పెళ్లయింది. కౌన్సెలర్ నాతో మొదట రాయించింది ఎంత డబ్బు పోయింది, ఎవరికి ఏ రోజు ఏ అబద్ధం చెప్పాను అన్నది. మూడు వారాలు పట్టింది. ఒక పేజీ రాసి, కారులో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. జబ్బు అన్న పేరు వచ్చాక నాకు తప్పించుకునే దారి ఒక్కటీ మిగలలేదు.

తరువాత ఒక బృందంలో చేరాను. 1977లో మినియాపొలిస్‌లో మొదలైన సెక్స్ ఆడిక్ట్స్ అనానిమస్ అది, మద్యం మానేవారి బృందాల పద్ధతిలోనే నడుస్తుంది. ఇంటి పేర్లు ఉండవు, రుసుము ఉండదు. అక్కడ మూడు వలయాలు గీయమంటారు. నేను కరెంటు బిల్లు వెనుక గీశాను. లోపలి వలయంలో ఇక చేయకూడనివి. మధ్య వలయంలో అటువైపు లాగేవి: రాత్రి పదకొండు దాటాక చేతిలో ఫోను, గడియ వేసిన గది, మేనేజరుతో మాటపడిన సాయంత్రం. బయటి వలయంలో నిలబెట్టేవి: అమ్మతో వీడియో కాల్, నా చేత్తో వండుకున్న పప్పు, ఆదివారం బ్యాడ్మింటన్. లోపలి వలయంలో ఏముండాలో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. రెండుసార్లు జారాను. రెండుసార్లూ మధ్య వలయంలో ఉన్నదే ముందు జరిగింది.

నా భార్యకు కౌన్సెలర్ ఎదుటే చెప్పాను. ఐదు నెలలు వేరుగా ఉంది. తిరిగి వచ్చింది. రాకపోయినా ఆమెను తప్పుపట్టే హక్కు నాకు ఉండేది కాదు.

తర్కబద్ధం

మనోవీధి గారు చెప్పిన ఆ షరతు నాకు తెలియదు. పాపభీతిని విడిగా పెట్టారంటే నా అభ్యంతరంలో సగం పోయింది. "వ్యసనం" అన్న మాట మీద నా అభిప్రాయం మారలేదు. దూరపుకొండ గారు చెప్పినలాంటి బృందాల్లో దైవశక్తికి తమను అప్పగించుకోవాలన్న భాగం కూడా నాకు మింగుడుపడదు. కానీ 3 లక్షల 60 వేలు అప్పు చేసి నాలుగేళ్లుగా ఆపలేకపోతున్న కుర్రాడిని ఈ వాదన తేలేదాకా ఆపి ఉంచడం తప్పు. తీసుకెళ్లండి.

గోధూళి

నిమ్మతోట అమ్మా, నీ ప్రశ్న నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే మా మరదలికి ఫోను చేశాను. ఇన్నేళ్లలో ఆ సంగతి అడగడం ఇదే మొదటిసారి. కాసేపు మాట్లాడలేదు. తరువాత "పదకొండేళ్లు పట్టింది బావగారూ" అన్నది. పదకొండేళ్లూ నేను ఆ ఇంట్లో పండగ భోజనాలు చేశాను.

బాబూ, ముహూర్తం వాయిదా వేయించండి. అయితే ఆడపిల్ల వాళ్లకు అంతా విప్పి చెప్పాలన్నది ఇప్పటికీ నాకు మనసొప్పడం లేదు. ఉద్యోగం దొరికాక చూద్దామని చెబితే చాలు. నయమయ్యే జబ్బుకు జన్మంతా మచ్చ ఎందుకు?

నిమ్మతోట

మరదలిగారిని అడిగినందుకు మీకు దండం పెడుతున్నాను. రెండోదానికి మాత్రం ఒప్పుకోను. ఊరికి చెప్పవద్దు, బంధువులకు చెప్పవద్దు, వియ్యంకులకూ చెప్పవద్దు. పెళ్లి చేసుకోబోయే ఆ ఒక్క అమ్మాయికి చెప్పాలి. అన్న కాదు, నాన్న కాదు, అతనే చెప్పాలి. విని "సరే, ఆగుతాను" అంటుందో, "వద్దు" అంటుందో ఆమె ఇష్టం. నాకు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నా జీవితం వేరుగా ఉండేది.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఈ చర్చను తమ్ముడి చేతికిచ్చి చదవమన్నాను. దూరపుకొండ గారు రాసింది రెండుసార్లు చదివాడు. రాత్రి మేడ మీదికి వెళ్లి 14416కు వాడే ఫోను చేశాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. మొదట మాటలు రాలేదు వాడికి, "హలో, వినపడుతోందండీ" అని మూడుసార్లు అన్నాడు. ఆ తరువాత ఇరవై నిమిషాలు మాట్లాడాడు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లమన్నారట. దిగి వచ్చి ఫోను నా చేతికిచ్చి, పొద్దున్నదాకా నీ దగ్గర ఉంచు అన్నాడు.

నాన్న నాతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు. అమ్మాయికి తనే చెబుతానంటున్నాడు తమ్ముడు, ఎప్పుడో చెప్పడం లేదు. మాఘం సంగతి ఇంకా తేలలేదు. రేపు గురువారం. ఓపీ చీటీ కోసం ఎనిమిదిన్నరకల్లా వరుసలో ఉండాలి. వచ్చాక రాస్తాను.