పుప్పొడి శాతాల నుంచి పాత ఉష్ణోగ్రతను డిగ్రీల్లో చెప్పొచ్చా?

సరస్సుమట్టి:
సరస్సు అడుగు మట్టిలోని పుప్పొడిని లెక్కపెట్టి, దాన్నిబట్టి ఆ కాలపు జులై సగటు ఇన్ని డిగ్రీలు, ఏడాది వాన ఇన్ని మిల్లీమీటర్లు అని రాస్తున్నారు. అది సరికాదని నా వాదన. పుప్పొడి చెప్పేది అప్పట్లో చుట్టుపక్కల ఏ మొక్కలుండేవో, అంతే. అది కూడా సూటిగా చెప్పదు. మొక్క ఎంత రాల్చింది, రాలినదాంట్లో ఎంత నీళ్లలోకి చేరింది, చేరినదాంట్లో ఎంత చెడకుండా మిగిలింది అన్నవి ఒక్కో మొక్కకు ఒక్కోలా ఉంటాయి. పైన్ రేణువుకు గాలితిత్తులుంటాయి కాబట్టి వందల కిలోమీటర్లు పోతుంది. ఆస్పెన్ చెట్టు రేణువు పొర పలచన, మట్టిలో సరిగా నిలవదు.

పైగా మనం గీసేవి శాతాలు. ఒక పొరలో గడ్డి 200, పైన్ 200 రేణువులుంటే సగం సగం. దాని పై పొరలో పైన్ 100కి పడిపోయి గడ్డి 200 దగ్గరే ఉంటే గడ్డి 67 శాతమవుతుంది. నేలమీద ఒక్క గడ్డిపోచ పెరగకపోయినా పటంలో మైదానం విస్తరించినట్టే కనిపిస్తుంది.

నిష్పత్తి:
1916లో స్వీడన్ భూవిజ్ఞాని లెనార్ట్ ఫాన్ పోస్ట్ మొదటి శాతాల పటాలు చూపించినప్పటి నుంచీ ఉన్న చిక్కే ఇది. మందు కూడా ఉంది. ఘన సెంటీమీటరు మట్టి తీసుకుని, ఏ ఆమ్లమూ పోయకముందే లైకోపోడియం అనే నాచులాంటి మొక్క సిద్ధబీజాలు లెక్కగా ఉన్న బిళ్ల వేస్తాం. బిళ్లలో 10,000 సిద్ధబీజాలున్నాయనుకుందాం. 300 పుప్పొడి రేణువులు లెక్కపెట్టేసరికి 150 సిద్ధబీజాలు తగిలితే, ఆ మట్టిలో ఘన సెం.మీ.కు 20,000 రేణువులున్నట్టు. మట్టి ఏడాదికి 0.05 సెం.మీ. చొప్పున పేరుకుంటే, చదరపు సెం.మీ.కు ఏడాదికి 1000 రేణువులు. ఈ లెక్కలో పైన్ తగ్గితే పైన్ ఒక్కటే తగ్గుతుంది, గడ్డి కదలదు.

వయసుముందు:
ఆ 0.05 ఎక్కడిదండీ? పొరల వయసు తెలిస్తేనే కదా పేరుకునే రేటు తెలిసేది. సున్నపురాయి నేలల్లోని సరస్సుల్లో నీటిమొక్కలు రాతిలోంచి కరిగిన పాత కార్బన్‌ను పీల్చుకుంటాయి. వయసు తేల్చడానికి మట్టిని మొత్తంగా రేడియోకార్బన్‌ పరీక్షకు పంపితే వందల ఏళ్లు ముసలిదని వస్తుంది. నేలమీద పెరిగిన మొక్క ఆకో గింజో ఏరి పంపాలి. పేరుకునే రేటు రెట్టింపు తప్పితే మీ 1000 కూడా రెట్టింపు తప్పుతుంది.

జల్లెడ10:
అంతకంటే ముందు అడగాల్సింది ఏ జల్లెడ వాడారని. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో మయోసోటిస్ అనే చిన్న పూలమొక్క రేణువు నిలవదు, అది 6 మైక్రాన్లే. సన్న బంకమట్టి పోగొట్టాలని చాలామంది 10 వాడేస్తారు. పైనుంచి 150 మైక్రాన్లది ఆకుముక్కలకు, ఇసుకకు మంచిదే. కింది జల్లెడ గురించే నా అభ్యంతరం.

సరస్సుమట్టి:
మయోసోటిస్ లెక్క మీద ఎవరూ ఉష్ణోగ్రత చెప్పరు కదా.

జల్లెడ10:
ఏ రేణువు పోయిందో తెలియనప్పుడు మొత్తం ఎంతో ఎలా తెలుస్తుంది? శాతానికి అడుగున ఉండేది ఆ మొత్తమే.

ఆమ్లపుగది:
కొత్తవాళ్లు చదువుతున్నారేమోనని ఒక మాట. రేణువు పైపొర తప్ప మిగతాది పోగొట్టే ఎసిటాలిసిస్ మిశ్రమం 9 పాళ్ల ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, 1 పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఆమ్లాన్నే ఎన్‌హైడ్రైడ్‌లోకి చుక్కచుక్కగా వేయాలి. గొట్టంలో నీటి తడి ఉంటే భగ్గున చిమ్ముతుంది, కాబట్టి ముందు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లంతో కడగడం తప్పనిసరి. వేడినీళ్లలో 3 నిమిషాలు చాలు, ఎక్కువైతే రేణువు నల్లబడి పైగీతలు కనపడవు. ఇసుక, బంకమట్టి కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును కూడా తినేస్తుంది. ప్లాస్టిక్ గొట్టాలే వాడాలి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దూరంలో లేకుండా సీసా మూత తీయొద్దు.

నిష్పత్తి:
అసలు విషయానికి వస్తాను. మేం వాడేది నేటి నమూనాలతో పోల్చే పద్ధతి. వేల సరస్సుల పైమట్టిలో నేటి పుప్పొడి, అక్కడి నేటి వాతావరణం తెలుసు. పాత పొరకు దగ్గరగా ఉన్న నేటి నమూనాలు వెతికి, వాటి వాతావరణం సగటు తీస్తాం. లేదంటే 1993లో టెర్ బ్రాక్, జగిన్స్ ఇచ్చిన గణాంక పద్ధతి డబ్ల్యూఏ-పీఎల్‌ఎస్ వాడతాం. 2018లో మార్సిసెక్ బృందం ఉత్తర అమెరికా, యూరప్‌లలోని 642 చోట్ల పుప్పొడితో ఇదే చేసి, సుమారు 2000 ఏళ్ల కిందటి వరకూ వేడి పెరుగుతూనే వచ్చిందని చూపించింది. సముద్రపు నమూనాలు ఎక్కువగా ఉన్న 2013 నాటి మార్కాట్ బృందం లెక్క మాత్రం 5000 ఏళ్లుగా చల్లబడిందంది. పుప్పొడి డిగ్రీలు వద్దనుకుంటే ఈ ప్రశ్న అడిగే వీలే ఉండేది కాదు.

సరస్సుమట్టి:
అడగండి, కాదనను. కానీ మీ డిగ్రీల్లో తప్పు ఎంత ఉండొచ్చంటారు? దాన్ని తేల్చడానికి ఒక్కో నమూనాను పక్కన పెట్టి మిగతావాటితో ఊహిస్తారు. ఆ పక్కన పెట్టినదానికి 20 కిలోమీటర్ల దూరంలో మరో సరస్సు ఉంటుంది. అదే అడవి, అదే ఎండ. జవాబు సరిగ్గా రాక ఏమవుతుంది? 2005లో టెల్‌ఫర్డ్, బిర్క్స్ చెప్పింది ఇదే: చుట్టుపక్కలవి కూడా తీసేసి పరీక్షిస్తే తప్పు పెరుగుతుంది.

ఇంకోటి. మంచుయుగం ఉచ్చదశలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 190 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో 190), పారిశ్రామిక యుగానికి ముందు 280. అది తక్కువైతే ఆకు రంధ్రాలు ఎక్కువగా తెరిచి ఉంచాలి, నీరు ఎక్కువ పోతుంది. వాన తగ్గకపోయినా చెట్లు ఎండు నేలలో ఉన్నట్టే ప్రవర్తిస్తాయి. మీ నేటి నమూనాల్లో 190 పీపీఎమ్ గాలి ఒక్కచోటైనా ఉందా?

నిష్పత్తి:
లేదు. అందుకే దిద్దుబాట్లు వేస్తున్నారు. పాత పొరకూ నేటి నమూనాలకూ తేడా హద్దు దాటితే సరిపోలిన నమూనా లేదని కూడా రాస్తాం.

పొరపొరా:
ఎల్మ్ చెట్ల పతనం మాటేమిటి? వాయవ్య యూరప్‌లో దాదాపు 6000 ఏళ్ల కిందట ఎల్మ్ పుప్పొడి ఒక్కసారిగా పడిపోయింది. తెగులా, వ్యవసాయమా, వాతావరణమా అని ఇంకా తేలలేదు. మీ పద్ధతి దాన్ని డిగ్రీలుగా మార్చేస్తుంది.

జల్లెడ10:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. 642 చోట్లలో ఎన్నింటికి ఏ జల్లెడ వాడారు?

నిష్పత్తి:
జల్లెడ గారూ, దయచేసి ఆపండి. సరస్సుమట్టి గారూ, ప్రతి పద్ధతికీ లోపాలు ఎత్తిచూపుతూ కూర్చుంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. లెక్కపెట్టేవాళ్లు లెక్కపెడితే చాలు, అంకెల పని మాకొదిలేయండి.

సరస్సుమట్టి:
ఈ మాట వస్తుందనే చూస్తున్నాను. లెక్కపెట్టడమంటే ఏమిటో చెప్తాను. సిలికాన్ నూనెలో పెట్టిన స్లైడు, 400 రెట్లు. ఒక గడ్డి రేణువు 41 మైక్రాన్లు. ధాన్యమా, అడవి గడ్డా? స్లైడు మీది పలచని గాజుముక్కను (కవర్‌స్లిప్) సూది మొనతో తట్టి రేణువును దొర్లిస్తాం, రంధ్రం చుట్టూ ఉన్న ఉంగరం వెడల్పు, అంచు ఎంత పదునుగా ఉందో చూడటానికి. అదే రేణువు గ్లిజరిన్ జెల్లీలో ఉబ్బుతుంది, 41 అన్న అంకెకే విలువ ఉండదు. ముడుచుకున్నవి, పొర తినేసినవి, విరిగినవి విడిగా రాస్తాం. ఆ వరుస ఒక పొరలో ఉన్నట్టుండి పెరిగితే సరస్సు ఎండి మట్టికి గాలి తగిలిందని అర్థం. అక్కడ మందపొర రేణువులే మిగులుతాయి, పైన్ పెరిగినట్టు అబద్ధం కనిపిస్తుంది. మీరు డేటా దింపుకోగానే మొదట తీసేసేది ఆ వరుసనే. గుర్తుపట్టలేనివి అని కొట్టేస్తారు. నా కోపం డిగ్రీల మీద కాదు.

నిష్పత్తి:
అయితే మొదటి పోస్టులోనే ఇది రాయాల్సింది. తీసేస్తున్న మాట నిజం. కానీ మా వైపు కూడా చూడండి. సగం వ్యాసాల్లో ముడి లెక్కలుండవు, పటం బొమ్మ ఒక్కటే ఉంటుంది. బొమ్మ మీద చుక్కలు పెట్టి శాతాలు వెనక్కి తీసుకుంటాం. మొత్తం 150 లెక్కపెట్టారో 500 లెక్కపెట్టారో తెలియదు. 300లో 10 శాతమంటే అసలు విలువ సుమారు 7 నుంచి 14 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 1000 లెక్కపెడితే 8 నుంచి 12. ఈ తేడా పటంలో కనపడదు. పాడైన రేణువుల వరుస ఇవ్వకుండా దాన్ని వాడలేదంటే ఎలా?

వయసుముందు:
ఇద్దరూ ఒకే లెక్కల షీటు గురించి కొట్టుకుంటున్నారు.

సరస్సుమట్టి:
సరే. లోతు, ముడి లెక్కలు, లైకోపోడియం లెక్క, బిళ్ల బ్యాచ్ నంబరు, పాడైనవి రకాలవారీగా, స్లైడులో ఏ ద్రవం వాడామో: ఇవన్నీ ఇస్తాం. పాడైనవి మూడో వంతు దాటిన పొరలకు మీరు డిగ్రీలు వేయకూడదు, గీతలో ఖాళీ వదలాలి. మంచుయుగపు వానను మిల్లీమీటర్లలో చెప్పడం మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

నిష్పత్తి:
ఖాళీ వదులుతాం. మూడో వంతు అన్న హద్దు మీద వాదిస్తాను, పైన్ అడవి ఉన్నచోట ఇంకా తక్కువ దగ్గరే ఆపాలి. వాన సంగతి మీద ఒప్పుకోను.

జల్లెడ10:
ఆ షీటులో జల్లెడ మైక్రాన్ల గడి కూడా పెట్టండి.

సరస్సుమట్టి:
పెడతాం. అది నేను మర్చిపోయాను, మీరన్నది నిజమే.