సిక్స్‌లైన్ ఉన్న ట్యాంకులో ఇంకో రెండు రాస్ చేపలు బతుకుతాయా?

కృష్ణలంక_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఉంటాం. నాది 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), నాలుగడుగుల పొడవు, పెట్టి 14 నెలలైంది. లోపల రెండు క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా, ఒక సిక్స్‌లైన్ రాస్ ఉన్నాయి. పగడాలు ఎక్కువగా మెత్తటి రకాలే.

సిక్స్‌లైన్‌ని ఏడాది కింద ఫ్లాట్‌వర్మ్‌లు (చదును పురుగులు) తింటుందని తెచ్చాను. తినేసింది కూడా, ఆ విషయంలో వంక పెట్టలేను. పోయిన నెల ముచ్చటపడి ఒక ఫెయిరీ రాస్ కొన్నాను. సంచిలోకి కాసిని ట్యాంకు నీళ్ళు కలిపి నేరుగా వదిలేశాను. రెండు రోజులు సిక్స్‌లైన్ దాన్ని ఆ మూల నుంచి ఈ మూలకి తరుముతూనే ఉంది. మూడో రోజు పొద్దున చూస్తే స్టాండు వెనక కార్పెట్ మీద ఎండు నెత్తళ్ళులా పడి ఉంది. ట్యాంకుకి మూత లేదు. తెలుసు, తిట్టండి. ఇంకోసారి నేల మీద చేప కనిపిస్తే ట్యాంకు గరాజ్‌లోకి పోతుందని మా ఆవిడ తేల్చి చెప్పింది.

ఇప్పుడు మెలనూరస్ రాస్ ఒకటి, మెకాస్కర్ ఫ్లాషర్ రాస్ ఒకటి తేవాలని ఉంది. ఇసుక అంగుళం మందం ఉంది. సిక్స్‌లైన్‌ని ఉంచి తేవచ్చా? ఏది ముందు వెయ్యాలి?

బే_ఏరియా_బాబాయ్:

నా దగ్గర సిక్స్‌లైన్, రెండు ఫెయిరీలు మూడేళ్ళుగా కలిసే ఉన్నాయి, ఏ గొడవా లేదు. కాకపోతే నాది 180 గ్యాలన్లు, సిక్స్‌లైన్‌ని అన్నిటికన్నా చివర వేశాను.

గోదారి_రొయ్య:

బాబాయ్ గారు చెప్పినదాంట్లో అసలు సంగతి ఆ చివరి మాటలోనే ఉంది తమ్ముడూ. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా, రాస్‌ల దగ్గర ఆ సామెత తిరగబడుతుంది. ముందొచ్చినవాడిదే ట్యాంకంతా. నీ సిక్స్‌లైన్ ఏడాదిగా ప్రతి రాయికీ తానే ఓనరు అనుకుంటోంది. మూడంగుళాల చేపే, కానీ పొగరుకి కొలత లేదు. నాలుగడుగుల ట్యాంకులో దాన్ని ఉంచి ఫ్లాషర్‌ని తెస్తే మళ్ళీ నెత్తళ్ళే. నేనైతే తీసేస్తాను.

వలతో పట్టుకోవాలని చూడకు, రాళ్ళన్నీ పీకినా దొరకదు. అది రాత్రిపూట రాతి సందులో చుట్టూ పలచటి జిగురు తొడుగు అల్లుకుని పడుకుంటుంది. నా దానికి ఎప్పుడూ ఒకటే సందు. నాలుగు రోజులు లైట్లు ఆరేటప్పుడు నీది ఎక్కడ దూరుతుందో కనిపెట్టు. తర్వాత రెండు గంటలు ఆగి, ఎర్ర లైటు వేసుకుని, ఆ రాయిని చేపతో సహా బకెట్లోకి ఎత్తు. కొన్న షాపువాళ్ళు సాధారణంగా వెనక్కి తీసుకుంటారు.

తర్వాత వరస. ఫ్లాషర్ ముందు, మెలనూరస్ వెనక. ఫ్లాషర్ మెతక చేప. నీళ్ళలో తేలే చిన్న చిన్న జీవుల్ని తిని బతుకుతుంది, నోరు చిన్నది, రోజుకి రెండు మూడుసార్లు కొంచెం కొంచెం మైసిస్ (రొయ్యల్లాంటి బుల్లి జీవుల మేత) వెయ్యాలి. దానికి ఇసుకతో పనిలేదు, రాళ్ళలోనే నిద్ర. దానికి ఒక వారం ఇల్లు అలవాటయ్యాక రెండోదాన్ని తెచ్చుకో.

మెలనూరస్ సంగతి వేరు. ఐదంగుళాల దాకా పెరుగుతుంది, రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది. నీ అంగుళం ఇసుక చాలదు, కనీసం రెండంగుళాలు సన్నటిది కావాలి. గరుకు పగడపు ముక్కలు వద్దు, దూరేటప్పుడు మూతి గీరుకుపోతుంది. ట్యాంకంతా పొయ్యలేకపోతే, బేకింగ్‌కి వాడే లోతు గాజు గిన్నె నిండా ఇసుక పోసి రాళ్ళ వెనక దించు, పనికొస్తుంది. ఇంకో మాట: చిన్న నత్తలు, ఫెదర్ డస్టర్లు (ఈకల కుచ్చులాంటి గొట్టం పురుగులు), బుల్లి రొయ్యలు ఉంటే వాటి మీద ఆశ వదులుకో. పగడాల జోలికి మాత్రం పోదు.

వేసిన మొదటిరోజే ఇసుకలో మాయమై మూడు నాలుగు రోజులు కనపడకపోవచ్చు. టెన్షన్ పడి తవ్వకు. ఇండోనేషియా నుంచి వచ్చిన చేప అయితే దాని పగలు మనకి రాత్రి. మా అత్తగారు రాజమండ్రి నుంచి దిగినప్పుడు వారంపాటు తెల్లవారుజామున మూడింటికి కాఫీ పెట్టుకునేవారు. ఇదీ అంతే.

మూత లేకుండా ఇవేవీ చెయ్యకు. పావంగుళం కళ్ళున్న పారదర్శక వల, కిటికీ దోమతెర ఫ్రేముకి బిగించుకో. వైర్లు పోయే మూల కూడా కత్తిరించి మూసెయ్. దూకేది సరిగ్గా అక్కడినుంచే.

మా నాన్న భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసేవారు. తినడానికి పనికిరాని చేపకి మంచం, దుప్పటి, దోమతెర అంటే ఫోన్లో ఐదు నిమిషాలు నవ్వారు.

మణికొండ_మనిషి:

అక్కా, ఫ్లాషర్ మగదే కొనాలా? ఒంటరిగా ఉంటే రంగు తగ్గిపోతుందని విన్నాను. నాది పగడాలు లేని చేపల ట్యాంకు. ఇక్కడ ఇండియాలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఆ జోలికి పోలేదు.

గోదారి_రొయ్య:

మంచి పని చేశావు. నిజమే, చూపించుకోడానికి ఎవరూ లేకపోతే మగదానికి మెల్లగా రంగు వెలిసిపోవచ్చు. ఆడదాన్ని జతగా తెస్తే రంగు నిలుస్తుంది. చిక్కేంటంటే ఫ్లాషర్ ఆడవి ఏ జాతివో పోల్చడం కష్టం, అన్నీ ఒకేలా ఎర్రగా ఉంటాయి. రెండు మగవాటిని మాత్రం ఒకేచోట పెట్టకు. ఈ చేపలు ఆడవిగా మొదలై తర్వాత మగవి అవుతాయి. అందుకే చిన్న మెలనూరస్ ఆడదాన్ని కొంటే అది నీ కళ్ళముందే రంగు మారుతుంది. చవగ్గా కూడా వస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు:

అక్కా, మూడు వారాల తర్వాత అప్‌డేట్. సిక్స్‌లైన్ రెండో రాత్రే రాయితో సహా దొరికింది, షాపులో ఇచ్చేశాను. వల మూత బిగించాను. మెకాస్కర్ మొదటి రెండ్రోజులు దాక్కుంది, ఇప్పుడు నేను చెంచా పట్టుకుంటే పైకి వచ్చేస్తోంది. మెలనూరస్‌ని నిన్న చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి లోపలే వేలాడదీశాను, పడుకోడానికి ఇసుక కూడా ఒక కప్పులో పోశాను. ఫ్లాషర్ పెట్టె ముందుకొచ్చి రెక్కలన్నీ విప్పి నిలబడుతోంది. పోట్లాటా, పోజులా?

గోదారి_రొయ్య:

పెట్టెకేసి మూతితో గుద్దుతుంటే పోట్లాట. రెక్కలు విప్పి పక్కకి తిరిగి నిలబడితే పోజులే. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా మేత తినేదాకా ఆగు, మూడు నాలుగు రోజులు పడుతుంది. వదిలేది లైట్లు ఆరడానికి అరగంట ముందు.

కృష్ణలంక_కుర్రాడు:

సరే అక్కా. ఈలోగా గాజు గిన్నె ఏమైందని మా ఆవిడ వంటింట్లో వెతుకుతోంది.