లేత్ మీద 25.00, మర్నాడు 24.97: నా తప్పెక్కడ?

కొత్త విద్యార్థి:
అందరికీ నమస్కారం. యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఆర్ట్స్ అండ్ టెక్నాలజీ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. రెండు సందేహాలున్నాయి.

మొదటిది: లేత్ (లోహాన్ని గిరగిరా తిప్పుతూ కోసే యంత్రం) మీద అల్యూమినియం రాడ్‌ని 25 మి.మీ. వ్యాసానికి తిప్పమన్నారు. డ్రాయింగ్‌లో ± 0.02 అని ఉంది. పని అవగానే, రాడ్ ఇంకా చక్‌లో (దాన్ని పట్టుకుని తిప్పే భాగంలో) ఉండగానే కొలిస్తే సరిగ్గా 25.00 వచ్చింది. అద్దంలా మెరిసిపోతోంది కూడా. మర్నాడు మా సార్ కొలిస్తే 24.97. సగం మార్కులు కోసేశారు. రాత్రికి రాత్రి ఇనుప పెట్టెలో పెట్టిన జాబ్ (నేను చేసిన ముక్క) ఎలా తగ్గుతుంది?

రెండోది: రెండు వారాలుగా ఒక ఇనుప ముక్కను నాలుగు వైపులా ఆకురాయితో చదును చేయిస్తున్నారు. ఇంజనీరింగ్‌లో చేరిన నా స్నేహితులు నవ్వుతున్నారు. మారిపోదామా అనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.

చెక్కపని పిచ్చి (చివరి సంవత్సరం):
ముందు ఒకటి చెప్పు తమ్ముడూ, దేనితో కొలిచావు? జాబ్‌ని చేత్తో ముట్టుకుంటే ఎలా ఉంది?

కొత్త విద్యార్థి:
వెర్నియర్ కాలిపర్‌తో. లీస్ట్ కౌంట్, అంటే అది చూపగల అతి చిన్న కొలత, 0.02 మి.మీ. ముట్టుకుంటే... వేడిగానే ఉంది అన్నా, వేళ్లు ఎక్కువసేపు పెట్టలేకపోయాను. అది లేత్ మీద మామూలే కదా అనుకున్నాను.

పాత ల్యాబ్ టెక్నీషియన్:
దొంగ దొరికాడు. నువ్వు వేడి రాడ్‌ని కొలిచావు బాబూ, సార్ చల్లటి రాడ్‌ని కొలిచారు. ఇద్దరూ కరెక్టే.

లెక్క వేసి చూడు. అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే ప్రతి మీటరుకు సుమారు 0.023 మి.మీ. పెరుగుతుంది. నీ వ్యాసం 25 మి.మీ., అంటే మీటరులో నలభయ్యో వంతు. రాడ్ గది వేడి కంటే 40 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుందాం. పెరుగుదల 0.023 మి.మీ. చల్లారాక అంతా వెనక్కి పోతుంది, 25.00 కాస్తా 24.977 అవుతుంది. నీకు అనుమతించిన కనిష్ఠం 24.98. పైగా 0.02 లీస్ట్ కౌంట్ ఉన్న కాలిపర్‌తో ± 0.02 తేల్చబోయావు, ఒక్క గీత అటూ ఇటూ అయినా జాబ్ పాసో ఫెయిలో మారిపోతుంది. ఇలాంటి చోట 0.01 మి.మీ. దాకా చూపే మైక్రోమీటర్ (స్క్రూ గేజ్) తీయాలి. దాని మరను చేత్తో బిగించకు, చివర ఉండే రాచెట్‌ని తిప్పి అది టక్ టక్ మన్నాక చదువు.

అదే జాబ్ ఉక్కుదైతే పెరుగుదల ఇందులో దాదాపు సగమే. అందుకే ఉక్కు మీద చెయ్యి తిరిగినవాళ్లు కూడా అల్యూమినియం దగ్గర దెబ్బ తింటారు. కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నట్టు లెక్క అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మెట్రాలజీ (కొలతలు తీసే) గదిలో ఏసీ పెట్టేది మనుషుల సుఖం కోసం కాదు!

చెక్కపని పిచ్చి:
మళ్లీ చేసేటప్పుడు ఇలా చెయ్యి. రఫ్ కట్‌లన్నీ కానిచ్చి వ్యాసం మీద ఓ అర మిల్లీమీటరు మిగుల్చు. ఆపి, జాబ్‌ని చల్లారనివ్వు. అప్పుడు కొలిచి, మిగిలినదాన్ని రెండు సమానమైన కట్‌లుగా పంచు. మొదటి కట్ తర్వాత నిజంగా ఎంత పోయిందో చూడు. నువ్వు 0.25 పోవాలని తిప్పితే 0.23 పోయి ఉండొచ్చు, ఎందుకంటే టూల్ కూడా కొంచెం వంగుతుంది. రెండో కట్ లోతు కూడా దాదాపు అంతే కాబట్టి టూల్ ఈసారీ అంతే వంగుతుంది, ఆ తేడాను ముందే కలిపేసుకోవచ్చు. చివర్లో వెంట్రుకవాసి కట్ తీద్దామని మాత్రం చూడకు. మరీ పల్చటి కట్ అయితే టూల్ కోయడం మానేసి రుద్దుతుంది.

ఇంకో మాట. టూల్‌ని జాబ్ వైపు జరిపే క్రాస్ స్లైడ్ మీది డయల్ వ్యాసాన్ని చూపిస్తుందా, వ్యాసార్థాన్నా అని ప్రతి మిషన్ దగ్గరా అడుగు. మొదటి ఏడాది నేను అడగకుండా తిప్పి, జాబ్‌ని రెండింతలు కోసేశాను. వెనక్కి తిప్పి మళ్లీ ముందుకొచ్చేటప్పుడు మరలో ఉండే వదులు వల్ల డయల్ కదిలినా స్లైడ్ కదలదు. కాబట్టి ఎప్పుడూ కాస్త ఎక్కువ వెనక్కి పోయి, ముందుకు వస్తూనే గీత దగ్గర ఆగాలి.

పాత ల్యాబ్ టెక్నీషియన్:
వేడిగా ఉందని చేతికి గ్లౌజులు తొడుక్కోకు. తిరిగే మిషన్ దగ్గర గ్లౌజు చిక్కుకుంటే చెయ్యి కూడా దానితోనే పోతుంది. చక్ తిరుగుతుండగా కొలవొద్దు. చక్‌ని బిగించే కీ చేతిలోంచి వదులుతున్నావంటే అది స్టాండులోనే ఉండాలి, చక్‌లో ఒక్క క్షణం కూడా వదలొద్దు. ఈ విషయంలో నేను జోకులు వెయ్యను.

మెకానికల్ చదివినవాడు:
రెండో సందేహానికి నేను చెప్తాను, ఎందుకంటే నేను ఆ నవ్విన బ్యాచ్‌లోవాణ్ణే. రంధ్రం, షాఫ్ట్ కొలతలు ఎంతవరకు మారొచ్చో చెప్పే గుర్తులుంటాయి: 25 హెచ్7 రంధ్రం అంటే 25.000 నుంచి 25.021 దాకా, జీ6 షాఫ్ట్ అంటే 24.980 నుంచి 24.993 దాకా అని నాకు పట్టిక కంఠతా వచ్చు. ఆ రెండింటి మధ్య షాఫ్ట్ ఎలా జారుతుందో, ఎక్కడ పట్టేస్తుందో చేతికి తెలిసింది మాత్రం ఉద్యోగంలో చేరాకే. ఒత్తిళ్లు, బలాలు, థర్మోడైనమిక్స్ లెక్కలు ఇష్టమైతే నిస్సందేహంగా మారిపో. వస్తువు ఎలా తయారవుతుంది, దాన్ని ఇంకొకరికి ఎలా నేర్పాలి, ప్రొడక్షన్ ఎలా నడుస్తుంది అన్నది నీ ఇష్టమైతే ఉన్నచోటే ఉండు. నవ్వారని మారడం మాత్రం వద్దు.

చెక్కపని పిచ్చి:
ఆకురాయి గొడవకు ఓ కథ ఉంది. మాస్కోలో విక్టర్ డెల్లా వోస్ అనే ఆయన 1868 ప్రాంతంలో వర్క్‌షాప్ పనిని చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టాడు. ముందు డ్రాయింగ్, తర్వాత ఒక్కో పనిముట్టు, తేలికైనది ముందు, కష్టమైనది వెనక. ఆ నమూనాలను 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో పెడితే, అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థ అధ్యక్షుడు జాన్ రంకిల్ చూసి తన దగ్గర కూడా అలాంటి వర్క్‌షాప్ బోధన పెట్టించాడు. నీ చేతిలో ఉన్న ఇనుప ముక్క ఆ వంశానిదే.

దీనికి ఎదురు వాదన కూడా అదే కాలంలో ఉంది. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ నేర్పిన స్లాయిడ్ పద్ధతిలో పిల్లవాడు మొదటి రోజు నుంచే ఇంట్లో వాడుకునే వస్తువు చేస్తాడు. నన్నడిగితే నా ఓటు సాలమన్‌కే. రెండు వారాలు ఆకురాయి పడితే ఎవరికైనా విసుగొస్తుంది. అయితే ఆకురాయి సమంగా పట్టడం రాకుండా చేసిన నా మొదటి పెట్టె మూత ఇప్పటికీ ఓ మూల లేచే ఉంటుంది, అదీ నిజమే.

పాత ల్యాబ్ టెక్నీషియన్:
ఆ ముక్క మీద మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకో బాబూ. మధ్యలో ఎత్తుగా ఉండి రెండు చివర్లా వెలుగు కనిపిస్తే నీ చేతులు ఊగుతున్నాయని అర్థం. ఆకురాయి ముందుకు పోయేకొద్దీ ముందు చెయ్యి నొక్కుడు తగ్గించి, వెనక చెయ్యి నొక్కుడు పెంచాలి. అంటే మొదట్లో ముందు చెయ్యి ఎక్కువ నొక్కాలి, మధ్యలో రెండూ సమానం, చివరికొచ్చేసరికి వెనక చెయ్యి ఎక్కువ. నీకు తికమకగా ఉంటే ఇలా పెట్టుకో: ముక్క మీద ఆకురాయి ఎటూ తూగకూడదు. ఎటు పొడవుగా బయటికి ఉందో అటు తక్కువ నొక్కు.

కొత్త విద్యార్థి:
వారం తర్వాత వచ్చాను. సార్‌ని అడిగితే ఇంకో రాడ్ ఇచ్చారు. వేడిగా ఉన్నప్పుడు కావాలనే కొలిచాను: 25.03. డబ్బా తెరిచి అన్నం తిని వచ్చి మైక్రోమీటర్‌తో చూస్తే 25.01. రెండు కొలతలూ, గది ఉష్ణోగ్రత కూడా రికార్డులో రాశాను. సార్ మార్కులు పూర్తిగా వేసి, పాత జాబ్‌ని పారేయొద్దు, దాన్నీ పోర్ట్‌ఫోలియోలో కొత్తదాని పక్కనే పెట్టు అన్నారు.

ముక్క మీద వెలుగు ఇప్పుడు ఒక చివరే కనిపిస్తోంది. మెకానికల్ అన్నా, ఆ హెచ్7, జీ6 పట్టిక ఎలా చదవాలో ఒకసారి చెప్తారా?