మామిడి తొక్కలో నీళ్లు పిండేదెట్లా? బాడుగ తగ్గించుకోవాలి

చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ. సీజన్లో తొక్క బయటికి తోలే లారీ బాడుగ నడ్డి విరుస్తోంది. టెంకలతో ఇబ్బంది లేదు, ఎండితే బాయిలరుకు పోతాయి. తొక్కలో సుమారు 80 శాతం నీళ్లే, అంటే నీళ్లకు బాడుగ కడుతున్నాం. స్క్రూ ప్రెస్‌తో (మరతో నొక్కి నీళ్లు పిండే యంత్రం) తేమ 65 శాతానికి దించితే 1000 కిలోలు దాదాపు 570 కిలోలకు మించవు. కానీ పెక్టిన్ జిగురుకు జల్లెడ మూసుకుపోయి, తొక్క నలగకుండా స్క్రూతోపాటే తిరుగుతోంది.

నిమ్మజాతి తొక్కలకు 0.3 నుంచి 0.5 శాతం సున్నం కలిపి కాసేపు ఉంచితే నీరు విడుతుంది. మామిడి తొక్కకు ఎవరైనా చేసి చూశారా అన్నా? మోతాదెంత, ఎంతసేపు నానాలి? చివరికది పశువుల మేత, కాబట్టి సున్నం హద్దు కూడా చెప్పండి. పిండిన తీపినీళ్లు ఈటీపీకి (ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి ప్లాంటు) వదిలితే సీఓడీ (నీటి కాలుష్యం కొలత) ఎగబాకుతుంది, మీరు వాటినేం చేస్తున్నారు?